గోర్డన్ విల్లిస్ తరహా పైలైటు పెంకుటింట్లో ఎలా కట్టాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
షార్ట్ ఫిల్ములో, గోర్డన్ విల్లిస్ కెమెరామన్‌గా చేసిన 'గాడ్‌ఫాదర్' (1972) తొలి గది లాంటి సీను ఒకటుంది, లైటు తలపై నుంచి పడాలి. పాత పెంకుటిల్లు, సున్నం గోడలు, బల్ల దగ్గర ముసలాయన. 60 వాట్ల ఎల్ఈడీలు రెండున్నాయి. టెస్టులో నలుపు రాలేదు, అంతా బూడిదగా ఉంది. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 3200 పెడితే నాయిస్ (చుక్కలు చుక్కలుగా) కూడా. ఎక్కడ తేడా కొడుతోందన్నా?

రాయగడ రీలు:
తమ్ముడూ, ముందు గోడల సంగతి చూడు. సున్నం గోడకి తగిలిన వెలుగు తిరిగొచ్చి నీడల్ని నింపేస్తోంది. నాలుగడుగుల చదరం వెదురు ఫ్రేముకి తెల్ల మల్లుగుడ్డ బిగించి దూలానికి కట్టు, తలకి మూడడుగుల పైన ఉండాలి. లైటు గుడ్డకి అడుగున్నర ఎత్తులో. ఫ్రేము చుట్టూ అడుగు పొడవు నల్లగుడ్డ పరదాలా వేలాడాలి. టెంటుహౌసులో అడుగు, దొరుకుతుంది. అసలు పనంతా ఆ పరదాదే.

ఫ్రేము సరిగ్గా నడినెత్తిన వద్దు, అరడుగు ముందుకి జరుపు. ఇంకా జరిపితే కళ్లు కనపడిపోతాయి. 'గాడ్‌ఫాదర్'లో ముసలి డాన్‌గా వేసిన మార్లన్ బ్రాండో మేకప్‌కి నప్పుతుందని విల్లిస్ లైటు పైన పెట్టాడు. కళ్లు నీడలోకి పోయినా పోనిచ్చాడు.

వంశధార:
రెండో లైటు ఆపెయ్. ఒక్కటి చాలు. ఐఎస్ఓ 800, లెన్సు అపర్చర్ ఎఫ్ 2.8, షట్టర్ 1/50 సెకను. అప్పటికీ ఎక్కువైతే డిమ్ చెయ్. విల్లిస్ వాడిన 5254 ఫిల్ము 100 ఏఎస్ఏనే (ఐఎస్ఓకి పాత పేరు)!

ముఖం ఒక స్టాప్ తక్కువలో (సగం వెలుగులో) ఉండనీ, కానీ ఫ్రేములో ఒక్కటైనా తెల్లగా మెరవాలి: చొక్కా, కాగితం, ఏదో ఒకటి. అది లేకపోతే చీకటి కాదు, ఎక్స్‌పోజర్ తప్పినట్టుంటుంది. 'గాడ్‌ఫాదర్'లో చీకటి గది పక్కనే ఎండలో పెళ్లి సీను పెట్టింది కూడా అందుకే. ఎడిటింగులో నీడలు పైకి లాగకు, నాయిస్ అక్కడే బయటపడుతుంది. లైటు రంగు 3200 కెల్విన్ అయితే కెమెరా వైట్ బ్యాలెన్స్ 4300లో లాక్ చెయ్, ఆ పసుపు వస్తుంది. ఆటోలో పెడితే షాటు షాటుకీ మారిపోద్ది.

గుణుపురం గళ్లీ:
విల్లిస్ అంటే చీకటొక్కటే కాదు బాబూ. తోటి కెమెరామన్ కాన్రాడ్ హాల్ పెట్టిన 'చీకటి రాకుమారుడు' పేరు ఆయనకి కొంత అన్యాయమే చేసింది. ఆయనే తీసిన 'ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్' (1976) పత్రికాఫీసు చూడు, ట్యూబులైట్లతో ఎక్కడా నీడ లేదు, చీకటంతా కారు గ్యారేజీకి దాచాడు.

నీ సీనుకి ఇంకో చిక్కుంది. పైలైటుకి నుదురు, బట్టతల అద్దంలా మెరుస్తాయి. టేకు ముందు టిష్యూతో నూనె అద్ది, పౌడరు పల్చగా కొట్టించు. సాయంత్రం వోల్టేజీ పడితే చవక ఎల్ఈడీలు రెపరెపలాడతాయి, పగలే తలుపులకి దుప్పట్లు కట్టి తీసెయ్.