అప్‌డేట్: 4294967297 ప్రధాన సంఖ్యేనా?

విజయనగరంలో తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడు 2 ఘాతం 32కి ఒకటి కలిపితే వచ్చే ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనా అని పట్టుబట్టాడని మొన్న అడిగాను కదా. కాదట. 641ని 6700417తో గుణిస్తే సరిగ్గా ఇదే వస్తుంది. 2కి 1, 2, 4, 8, 16, 32 ఇలా రెట్టింపవుతూ పోయే ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చే ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని గణిత శాస్త్రవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో మరో గణిత శాస్త్రవేత్త ఆయిలర్ కాదని తేల్చాడు.

బొబ్బిలి మాస్టారు గారు చెప్పిన దారి మాత్రం అద్భుతం. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే శేషం 1 రావాల్సిందే. అలాంటివి 193, 257, 449, 577, ఆ వెంటనే 641! ఈ సంఖ్య వర్గమూలం 65 వేల పైచిలుకు కాబట్టి అక్కడిదాకా వెతకాలేమోనని వాడికి ఒకటే టెన్షన్.

భాగహారం చేయకుండా కూడా చూపొచ్చు. 641 అంటే 5×128+1, అలాగే 625+16. కాబట్టి 641తో భాగించేటప్పుడు 5×128ని −1గా తీసుకోవచ్చు. నాలుగో ఘాతం వేస్తే 625×(2 ఘాతం 28) విలువ 1. అందులో 625 బదులు −16 పెట్టండి. 2 ఘాతం 32 విలువ −1 అవుతుంది, ఒకటి కలిపితే సున్నా. ఇది అర్థమయ్యాక వాడు అన్నం కూడా వద్దన్నాడు.

మాస్టారు గారూ, మీకు చాలా కృతజ్ఞతలు. ఇప్పుడు 2 ఘాతం 64కి ఒకటి కలిపి కూర్చున్నాడు. 274177తో భాగించి చూడమన్నాను.