పర్యావరణ శాస్త్రం, కమ్యూనికేషన్ కలిపి పీజీ: ఏ కోర్సును ఎలా ఎంచుకోవాలి?

చెరువుగట్టు (ప్రశ్న):
రసాయనశాస్త్రంలో డిగ్రీ చేసి నాలుగేళ్లుగా నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తున్నాను. ఆ మధ్య ఒక బావి నీటిలో నైట్రేట్ లీటరుకు 70 మిల్లీగ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 50. "పరిమితికి మించి ఉంది, తగిన జాగ్రత్తలు తీసుకోగలరు" అని నివేదిక పంపాం. నెల తర్వాత మళ్లీ నమూనాల కోసం వెళ్తే, అక్కడివారు ఎంతో శ్రద్ధగా ఆ నీళ్లు కాచి పసిపిల్లలకు పడుతున్నారు! కాచినంత మాత్రాన నైట్రేట్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. ఆ ఒక్క వాక్యం మేము రాయలేదు. రాయాలని తోచనూ లేదు.

అప్పటి నుంచి పర్యావరణ శాస్త్రం, కమ్యూనికేషన్ రెండూ కలిపి చదవాలని ఉంది. రెండూ కలిసిన ఒకే పీజీ మంచిదా, లేక పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, రాయడం విడిగా నేర్చుకోవడం మంచిదా? పత్రికల్లో ఇంతవరకు ఒక్క ముక్క కూడా రాయలేదు. సీటు ఇస్తారా?

ఎర్రసిరా:
పదహారేళ్లుగా పర్యావరణ వార్తలు దిద్దుతున్నాను కాబట్టి కాస్త కటువుగానే చెబుతాను. రాయడం నేర్చుకోవడానికి రెండేళ్లు పెట్టకండి. వారానికో వ్యాసం రాసి, నిర్దాక్షిణ్యంగా దిద్దే మనిషికి చూపిస్తే ఏడాదిలో చేయి తిరుగుతుంది. గణాంకశాస్త్రం అలా రాదు. ఎమ్మెస్సీయే చేయండి.

పాతకలం:
ఎర్రసిరా గారి మాటలో సగం నిజం ఉంది. ఇలాంటి కోర్సే చదివినవాడిగా మిగతా సగం నేను చెబుతాను.

చెరువుగట్టు గారూ, మీ నివేదికలో లోపం భాషది కాదు. వాక్యం చక్కగానే ఉంది. నీళ్లు బాగాలేవు అనగానే జనం ఏం చేస్తారో మీరు ఊహించలేదు, అంతే. సూక్ష్మజీవుల విషయంలో కాచడమే సరైన పని కాబట్టి, వాళ్లు తెలిసిన వైద్యమే చేశారు. రసాయనశాస్త్రం రాని రచయిత అయితే "కాచి తాగండి" అని తానే రాసి ఉండేవాడు. ఈ రెండు తప్పుల మధ్య ఉన్న జాగాయే ఈ చదువు.

ఒకే రకం పేరుతో మూడు వేర్వేరు చదువులు నడుస్తుంటాయి. మొదటిది రాత, చిత్రీకరణ నేర్పేది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రూజ్ శాఖలో సైన్స్ కమ్యూనికేషన్ ఇలాంటిదే. అక్కడ సైన్స్ నేపథ్యం ఉన్నవారికే ప్రవేశం. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం సినిమా నిర్మాణాన్ని కూడా ఒక దారిగా పెట్టింది. రెండోది మనుషులను పరిశోధించేది. యేల్, జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2009లో అమెరికన్లను వాతావరణ మార్పు పట్ల వారి వైఖరిని బట్టి ఆరు వర్గాలుగా విడదీశారు. తీవ్రంగా కలవరపడేవారు ఒక కొసన, కొట్టిపారేసేవారు మరో కొసన, మధ్యలో నాలుగు రకాలు. అందరికీ ఒకే కరపత్రం ఎందుకు పనిచేయదో అది చదివితే తెలుస్తుంది. ఇక్కడ పని అంతా సర్వేలు, ముఖాముఖిలు, లెక్కలు. మూడోది రెండు విభాగాలూ కలిసి ఇచ్చే ఉమ్మడి పట్టా. వినడానికి ఇదే బాగుంటుంది, చదవడానికి ఇదే కష్టం. రెండు చోట్లా మిమ్మల్ని పక్కింటి పిల్లాడిలా చూస్తారు.

మీకు రెండోది సరిపోతుందని నా అభిప్రాయం.

ఎర్రసిరా:
సర్వేలు చేస్తే వార్త రాయడం వస్తుందా?

పాతకలం:
రాదు. కానీ మీ దగ్గరికి వచ్చే వార్తల్లో ఏ మాటను పాఠకులు తప్పుగా అర్థం చేసుకుంటారో తెలుస్తుంది. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ నివేదికల్లో 'వెరీ లైక్లీ' (జరిగే అవకాశం చాలా ఎక్కువ) అంటే 90 శాతం, ఆపైన సంభావ్యత అని ముందే నిర్వచించి పెట్టారు. 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో మామూలు పాఠకులకు ఆ వాక్యాలే చూపిస్తే, చాలామంది అంతకంటే బాగా తక్కువగా అంచనా వేశారు. మాట పక్కనే అంకె కూడా ఇస్తే ఆ తేడా తగ్గింది. ఎంత చేయి తిరిగినవారికైనా ఇది రాస్తూ రాస్తూ తెలిసే సంగతి కాదు. పరీక్షించి చూడాలి.

ఎర్రసిరా:
సరే, అంకె పక్కన పెట్టాలన్నది ఒప్పుకుంటాను. గణాంకశాస్త్రం మీద నా మాట మాత్రం మార్చుకోను.

పాతకలం:
దాని మీద మనకు గొడవే లేదు.

చెరువుగట్టు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక విభాగం వారి సిలబస్ చూశాను. మొదటి ఏడాది అంతా సిద్ధాంతాలే. అక్కడ చేరడం మంచిదేనా?

పాతకలం:
సిలబస్ కంటే ముందు అక్కడివారి పాత థీసిస్‌లు తెరిచి చూడండి. చాలా విశ్వవిద్యాలయాలు వాటిని అందరికీ అందుబాటులో ఉంచుతాయి. ఒక నాలుగింటిని తీసి, విద్యార్థి సొంతంగా సమాచారం సేకరించాడా, గైడు ఒక్కరా ఇద్దరా, రెండో గైడు సైన్స్ విభాగం వారేనా అన్నవి చూడండి. అన్నీ పత్రికల కథనాల విశ్లేషణలే అయితే, మీ ల్యాబు అనుభవం అక్కడ వృథా అవుతుంది.

ఆ తర్వాత, మీకు గైడుగా ఉండగల ఒకరికి నేరుగా ఉత్తరం రాయండి. "పర్యావరణం మీద నాకు ఎంతో మక్కువ" అని మాత్రం మొదలుపెట్టకండి. అందరూ అదే రాస్తారు. బావి దగ్గర చూసింది రాయండి. నైట్రేట్ హెచ్చరికను మూడు రకాలుగా రాసి, ఏది చదివినవారు కాచడం మానేస్తారో తేల్చాలని ఉంది అనండి. అదే మీ పరిశోధన ప్రశ్న. పత్రికల్లో రాయలేదన్న లోటును అది చాలావరకు పూడుస్తుంది.

ఎర్రసిరా:
ఆ మూడు రకాల్లో ఒకటి నేను దిద్దిపెడతాను, పంపండి. ముందు ఆ "తీసుకోగలరు" కొట్టేయండి. ఎవరు తీసుకోవాలి, ఏం తీసుకోవాలి?

చెరువుగట్టు:
"ఈ నీళ్లు కాచినా పసిపిల్లలకు పనికిరావు. వేరే నీళ్లు వాడండి." ఇలా ఉంటే?

ఎర్రసిరా:
వేరే నీళ్లు ఎక్కడ దొరుకుతాయో కూడా చెప్పండి.