కలరీతెస్ ఊరు ఎందుకు ఖాళీ అయింది? 1821 మంటల వల్లా, బయటి సంపాదన వల్లా?

గోదారిగట్టు:
గ్రీస్‌కి వాయవ్య మూలన ఎపిరస్ ప్రాంతం, అందులో జుమెర్కా కొండలు. అక్కడ నిట్టనిలువు వాలుని పట్టుకుని వేలాడుతున్నట్టు ఉంటుంది కలరీతెస్. గోడలు రాయి, కప్పులు పలకరాయి. లోయకి అవతలి ఒడ్డున సిరాకో. రెండూ వ్లాహ్‌ల ఊళ్ళే, వాళ్ళ సొంత భాష లాటిన్ నుంచి పుట్టింది. ఒకప్పుడు ఇక్కడి వర్తకులకి ఇటలీ రేవుల్లో వ్యాపారాలుండేవి. ఇప్పుడు చలికాలంలో పొగ లేచే ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.
నా వాదన ఇది: 1821 జులైలో రెండు ఊళ్ళూ ఒట్టోమన్ సుల్తాను మీద తిరగబడ్డాయి. సైన్యం వచ్చి దోచుకుని తగలబెట్టింది. జనం చెల్లాచెదురయ్యారు. ఆ దెబ్బ నుంచి కలరీతెస్ మళ్ళీ లేవలేదు. ఒప్పుకోనివాళ్ళు కారణం చెప్పండి.

వలసపక్షి:
నేను ఒప్పుకోను. ఆ ఊరు మంటలకి ముందే సగం బయట బతికేది. వాళ్ళ సరుకేంటో తెలుసా? ముసుగు టోపీ ఉన్న మందపాటి ఉన్ని గొంగళ్ళు, మధ్యధరా ఓడల మీద నావికులు కప్పుకునేవి. ఆ సరుకు అమ్మాలంటే కొడుకు లివోర్నో రేవులోనో ట్రియస్తె రేవులోనో ఉండాల్సిందే. పైన గొర్రెలు, మగ్గాలు, కింద దుకాణం. పిల్లాడిని బయటికి పంపడమే ఆ ఊరి వ్యాపారం. ఏదో ఒకరోజు పిల్లాడు తిరిగి రాడు, అంతే.

గోదారిగట్టు:
మరి వెండి పనివాళ్ళో? నగలు, చర్చి పాత్రలు చేయడంలో కలరీతెస్‌ది పెద్ద పేరు. జకింథోస్ దీవిలో సెయింట్ డయోనిసియస్ భౌతికకాయం ఉంచే వెండి పేటిక చేసిన కంసాలి బఫాస్ ఇక్కడివాడే. ఇల్లు కాలిపోతే తప్ప అంత పనితనం కొండ దిగి దీవులకి ఎందుకు పోతుంది? రోమ్‌లో 1884లో బుల్గరీ నగల దుకాణం పెట్టిన సోతిరియోస్ వుల్గారిస్‌దీ ఇక్కడి కంసాలి వంశమే. కానీ పుట్టింది పరమిథియా అనే వేరే ఊళ్ళో. ఊరు వదిలి ఎన్నాళ్ళయిందో చూడండి.

పాతపటం:
ఇద్దరూ 1881ని వదిలేశారు. ఆ ఏడాది గీసిన సరిహద్దు సరిగ్గా ఈ రెండు ఊళ్ళ మధ్య ఏటి మీదుగా పోయింది. కలరీతెస్ గ్రీస్‌కి వచ్చింది, సిరాకో 1912 దాకా ఒట్టోమన్ల కిందే ఉంది. కేకేస్తే వినపడే దూరం, మధ్యలో దేశం! గొర్రెల కాపరికి వేసవి మేత పైన, చలికాలం మేత కింద మైదానంలో. ఆ దారికి అడ్డంగా గీత పడితే మందని ఎక్కడ మేపాలి?
ఇంకోటి. సెయింట్ డిమిత్రియోస్ పండగకి, అంటే అక్టోబర్ చివర్లో కిందికి దిగడం, ఏప్రిల్లో సెయింట్ జార్జ్ పండగకి పైకెక్కడం కాపరుల పాత అలవాటు. చలికాలంలో వెళ్ళి "ఎవరూ లేరే" అంటే ఎలా అండీ?

మెట్లదారి:
మేం మ్యూనిక్‌లో ఉంటాం. ఒక ఆగస్టులో వెళ్ళాం. బండి ఊరి బయట ఆపి రాతి మెట్ల మీద నడిచాం. మా ముందు ఒక కంచర గాడిద, వీపుకి అటో గ్యాస్ సిలిండరు, ఇటో సిమెంటు బస్తా. మెట్టు మెట్టుకీ ఆగి, ముందు కాలితో రాయిని తడిమి చూసుకుని మరీ అడుగేస్తోంది. మా ఆవిడ బూట్లు మాత్రం రెండుసార్లు జారాయి.
ఆగస్టు 15 మేరీమాత పండగకి ఊరు కిటకిటలాడింది. క్లారినెట్ వాయిస్తుంటే చేతులు పట్టుకుని గుండ్రంగా ఆట, తెల్లారేదాకా. పక్క బల్ల పెద్దాయన నాతో జర్మన్‌లో మాట్లాడాడు! స్టుట్‌గార్ట్ ఫ్యాక్టరీలో పాతికేళ్ళు చేశాడట. 1960లో రెండు దేశాల మధ్య కూలీల ఒప్పందం అయ్యాక అలా వెళ్ళినవాళ్ళు ఎపిరస్ అంతటా ఉన్నారు. ఇప్పుడు ఆయన ఇల్లు ఎపిరస్‌లోని పెద్ద పట్నం యోవానినాలో. అక్టోబర్‌లో ఇక్కడి పైపుల్లో నీళ్ళన్నీ వదిలేసి, తాళం వేసుకుని వెళ్తాడట. లేకపోతే గడ్డకట్టి పైపులు పగిలిపోతాయి.
ఆయన్ని 1821 గురించి అడిగితే నవ్వి, "మా నాన్న తరం ఊరు వదిలింది గ్రీస్ అంతర్యుద్ధం వల్ల" అన్నాడు. 1946 నుంచి 49 దాకా కొండ ఊళ్ళ మధ్యే జరిగింది కదా ఆ యుద్ధం.

వలసపక్షి:
చూశారా. కాలిన ఊరిని మళ్ళీ కట్టుకున్నారు. కట్టుకోకపోతే మెట్లదారి గారు చూసిన ఇళ్ళు ఎక్కడివి?

పాతపటం:
ఒక తమాషా. గ్రీస్‌లో జనాభా లెక్కల రోజున సొంతూళ్ళకి బస్సులు కట్టించుకుని వెళ్ళేవారు, లెక్కలో తమ ఊరు చిన్నదైపోకూడదని. అందుకే పాత అంకెలు పట్టుకుని ఇక్కడ ఎవరూ కొట్టుకోవద్దు, అందులో సగం మంది సాయంత్రం బస్సుకే తిరిగెళ్ళినవాళ్ళు.

గోదారిగట్టు:
సరే, గొర్రెలవాళ్ళ విషయంలో 1821ని వెనక్కి తీసుకుంటున్నా. వెండి పని దగ్గర మాత్రం తగ్గను. గొర్రెలు అలవాటుగా కిందికి దిగాయి, కొలిమి అలా దిగలేదు. మెట్లదారి గారూ, అక్కడ ఇప్పుడు వెండి పని చేసేవాళ్ళు ఎవరైనా కనిపించారా?

మెట్లదారి:
నాకైతే ఎవరూ కనపడలేదండీ. ఆ పని చూడాలంటే యోవానినా బజారుకి వెళ్ళమన్నారు. ఆ పెద్దాయన వేలికున్న ఉంగరం కూడా అక్కడ కొన్నదేనట.