టెసెరాక్ట్: డబ్బాలో డబ్బా బొమ్మ పనికొస్తుందా, దారి తప్పిస్తుందా?

లంబకోణం: నాలుగో డైమెన్షన్ అనగానే టెసెరాక్ట్ (ఎనిమిది ఘనాలు హద్దుగా ఉన్న నాలుగు డైమెన్షన్ల ఘనం) అంటూ పెద్ద ఘనంలో చిన్న ఘనం పెట్టి మూలలు కలిపిన బొమ్మ చూపిస్తారు. కొత్తవాళ్ళకి అది చూపించడం మానేయాలి. ఆ చిన్నది చిన్నదీ కాదు, లోపలా లేదు.

సున్నా_ఒకటి: బొమ్మలో తప్పేముంది? అది పర్‌స్పెక్టివ్. 16 శీర్షాలు, ప్రతి నిరూపకమూ 1 లేదా −1. నాలుగో అక్షం డబ్ల్యూ మీద 3 దగ్గర కన్ను పెట్టి, మిగతా మూడింటినీ (3 − డబ్ల్యూ)తో భాగించండి. డబ్ల్యూ 1 అయిన ఎనిమిదీ 1/2 దగ్గరికి, −1 అయినవి 1/4 దగ్గరికి వస్తాయి. దూరంగా ఉన్నది సగం సైజులో కనిపిస్తోంది, అంతే.

వానచినుకు: నాలుగోది కాలం కదా?

గళ్ళచొక్కా: 1908లో గణితజ్ఞుడు మింకోవ్‌స్కీ చెప్పిన స్థలకాలంలో దూరం లెక్కేసేటప్పుడు కాలం వర్గానికి గుర్తు వ్యతిరేకం. ఇక్కడ నాలుగూ పొడవులే, నాలుగు వర్గాలూ కూడటమే. కాలం సంగతి వేరే చర్చలో పెట్టుకుందాం.

లంబకోణం: లెక్క నాకూ వచ్చు సార్. చూసేవాడు ఏమనుకుంటాడన్నదే ప్రశ్న. బయటి ఘనంలో మిగతా ఏడూ ఇరుక్కున్నాయనుకుంటాడు. పక్కనున్న ఆరూ తల తెగిన పిరమిడ్లలా కనిపిస్తాయి కానీ అవీ అచ్చమైన ఘనాలే. ఎనిమిదీ సమానం. ఒక్కో చదరం రెండు ఘనాలకి ఉమ్మడి కాబట్టి 8×6/2, అంటే 24 చదరాలు. బొమ్మ వదిలి కోతలు చూపించండి, అంటే టెసెరాక్ట్ మన మూడు డైమెన్షన్ల స్థలాన్ని దాటుతుంటే ఒక్కో క్షణంలో మనకి కనిపించే ముక్కలు. మూల ముందుగా మన స్థలంలోంచి దాటిస్తే మొదట చుక్క, తర్వాత పెరిగే చతుర్ముఖి, ఆపై దాని మూలలు తెగుతూ వచ్చి సరిగ్గా మధ్యలో అష్టముఖి. అక్కణ్ణుంచి అంతా వెనక్కి.

సున్నా_ఒకటి: అదే టెసెరాక్ట్‌ని ఘనం ముందుగా దాటించండి. ఒక ఘనం హఠాత్తుగా వచ్చి, మారకుండా ఉండి, మాయమవుతుంది. ఏం నేర్చుకున్నట్టు? పైగా నాలుగు డైమెన్షన్లలో తిరగడం అక్షం చుట్టూ కాదు, తలం చుట్టూ. ఎక్స్-డబ్ల్యూ తలంలో తిప్పితే వై-జెడ్ తలం మొత్తం కదలదు. ఆ రెండు తలాల్లోనూ వేర్వేరు కోణాలతో ఒకేసారి తిప్పితే నిలిచేది ఒక్క బిందువే. కోతల్లో చూపించండి చూద్దాం.

లంబకోణం: బొమ్మ గురించి అడిగితే భ్రమణంలోకి దూకారు! లెక్కల వాళ్ళతో ఎప్పుడూ ఇదే, సమీకరణం రాసేసి అర్థమైపోయిందంటారు.

సున్నా_ఒకటి: ఓహో, అసలు బాధ అదా. మీకు కళ్ళకి కట్టాలి. కట్టదండీ, ఎవరికీ కట్టదు. భుజం 1 అయితే చదరం కర్ణం √2, ఘనానికి √3, టెసెరాక్ట్‌కి √4, సరిగ్గా 2. చూడకుండానే తెలిసింది. ఇదే అర్థం కావడం.

లంబకోణం: అది తెలియడం. అలీషియా బూల్ స్టాట్ కాలేజీ గడప తొక్కకుండానే ఈ కోతలన్నీ ఊహించి అట్టతో నమూనాలు చేసింది. గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం 1914లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

సున్నా_ఒకటి: ఆమె కంటే ముందే, 1850ల మొదట్లో, గణితజ్ఞుడు ష్లాఫ్లీ నాలుగు డైమెన్షన్లలోని ఆరు క్రమబద్ధ (అన్ని వైపులా ఒకేలా ఉండే) ఆకృతులనీ లెక్కతోనే పట్టేశాడు.

లంబకోణం: ఆయన రాసింది పూర్తిగా అచ్చయింది 1901లో, ఆయన పోయాక. ఎవరికి అర్థమైంది మరి?

గళ్ళచొక్కా: ఆ రచనని అచ్చుకి పంపితే నిడివి ఎక్కువని వెనక్కి పంపారు, బొమ్మలు లేవని కాదు.

వానచినుకు: ఇంతకీ కాలం కాదన్నమాట.