టీఎన్‌ఎఫ్ రిసెప్టర్‌ను ‘డెత్ రిసెప్టర్’ అనవచ్చా?

మాస్టారు:
డిగ్రీ పిల్లలకు కణమరణం పాఠం చెబుతున్నాను. కణం పొర మీద ఉండి బయటి సంకేతాలను అందుకునే ప్రొటీన్లే రిసెప్టర్లు. పుస్తకం ఫాస్ అనే రిసెప్టర్‌నూ, వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే సంకేత ప్రొటీన్‌ను అందుకునే టీఎన్‌ఎఫ్ రిసెప్టర్-1నూ ఒకే గాటన కట్టి రెండూ ‘డెత్ రిసెప్టర్లే’, అంటే కణాన్ని చంపేవే, అంటోంది. రెండోదానికి ఆ పేరు అన్యాయమని నా వాదన. కాదనేవారు చెప్పండి.

ల్యాబ్‌పురుగు:
నేను మీ పక్షమే, మాస్టారూ. ల్యాబుల్లో పెంచే హీలా క్యాన్సర్ కణాల మీద టీఎన్‌ఎఫ్ ఒక్కటే వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున చూస్తే చాలావరకు ప్లేటు అడుగున హాయిగా అతుక్కునే ఉంటాయి. ఈసారి ప్రొటీన్ల తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ కూడా కలపండి. కొన్ని గంటల్లోనే కణాలు గుండ్రంగా ముడుచుకుంటాయి, పొర మీద బుడగలు పొంగుతాయి, అడుగు వదిలి తేలిపోతాయి. కారణం ఏమిటంటే, ఈ రిసెప్టర్ ముందుగా జన్యువులను పనిచేయించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రొటీన్‌ను నిద్రలేపుతుంది. అది కణమరణాన్ని మొదలుపెట్టే ఎంజైమ్ కాస్పేస్-8కు పగ్గం వేసే సీ-ఫ్లిప్ లాంటి ప్రొటీన్లను తయారు చేయిస్తుంది. ఆ తయారీ ఆగినప్పుడే చావు. బతికించే పని ముందు, చంపే పని తర్వాత!

ఎదురువాది:
పేరు వచ్చింది స్వభావాన్ని బట్టి కాదండీ, తోకను బట్టి. రెండింటికీ కణం లోపలివైపు తోకలో చావు సంకేతాన్ని అందించే ‘డెత్ డొమైన్’ అనే భాగం ఉంది. ఇక ఫాస్ సంగతి చూడండి. 1993లో జపాన్ శాస్త్రవేత్త నగాటా బృందం ఫాస్‌ను రెచ్చగొట్టే యాంటీబాడీని ఎలుకలకు ఎక్కిస్తే, కాలేయం పాడై గంటల్లో చచ్చాయి. సైక్లోహెక్సిమైడ్ అవసరమే రాలేదు. ఫాస్‌లు గుంపు కడితే వాటి తోకలకు ఫాడ్ అనే జోడింపు ప్రొటీన్, ఫాడ్‌కు కాస్పేస్-8 తగులుకుంటాయి. అలా పక్కపక్కన చేరిన కాస్పేస్-8 అణువులు జతకట్టి పనిలోకి దిగుతాయి. కొత్త ప్రొటీన్ ఒక్కటీ తయారు కానక్కర్లేదు.

ల్యాబ్‌పురుగు:
ఆ కాలేయ కణాల్లో కూడా కాస్పేస్-8 ఒక్కటే చాలదు. అది బిడ్ అనే ప్రొటీన్‌ను కోయాలి, బిడ్ ముక్క వెళ్లి మైటోకాండ్రియాను కదిలించాలి. బిడ్ లేని ఎలుకలు అదే రకం దెబ్బను తట్టుకున్నాయి.

ఎదురువాది:
ఒప్పుకుంటాను, కాలేయం వరకే. లింఫోసైట్లలో చాలావాటికి మైటోకాండ్రియా సాయం లేకుండానే పని జరిగిపోతుంది. ఫాస్ జన్యువు దెబ్బతిన్న పిల్లలను చూడండి: చావాల్సిన లింఫోసైట్లు చావక ప్లీహం, లింఫు గ్రంథులు ఉబ్బిపోతాయి. చంపడమే దాని పని అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మాస్టారు:
సరే, ఫాస్ జోలికి పోను. టీఎన్‌ఎఫ్ దగ్గర మాత్రం పేరు చెప్పేముందు ఆ రెండు ప్లేట్ల బొమ్మలు గీయిస్తాను. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయమంటాను లెండి, పేపర్లు దిద్దేది నేను కాదు.