సమస్యాపూరణం: ఇంటనున్న వాని నెరుగ దిల్లు

సమస్య (ఆటవెలది నాలుగో పాదం):
ఇంటనున్న వాని నెరుగ దిల్లు

విషయం: చికెన్ 5 (స్కీము అనే ప్రోగ్రామింగ్ భాషకు కంపైలర్)లో ఎగ్జిక్యూటబుల్ (నేరుగా నడిచే ప్రోగ్రాం ఫైలు) కట్టేటప్పుడు మాడ్యూలు (విడిగా రాసిన కోడు భాగం) దొరక్కపోవడం. ఎర్రర్‌కు కారణం పద్యంలోనే తెలియాలి. ఊరికే విసుక్కుంటే లెక్కలోకి రాదు.

మొదటి పూరణ

పక్కనున్న ఫైలు పట్టదు సీఎస్సి
పెద్ద జేను మరచి బిల్డు చేయ
ఎగుమతులకు సాక్షి యింపోర్టు ఫైలేది?
ఇంటనున్న వాని నెరుగ దిల్లు

— ‘సాక్షి’ మంచి మాట. మాడ్యూలు పేరు ‘లెక్క’ అనుకుందాం. దాని మూలకోడు ‘లెక్క.ఎస్‌సీఎం’ పక్కనే ఉన్నా కంపైలర్ (సీఎస్సి) వెదికేది ఎగుమతుల పట్టీ అయిన ‘లెక్క.ఇంపోర్ట్.ఎస్‌సీఎం’ని. అది లేకపోతే ‘కెనాట్ ఇంపోర్ట్ ఫ్రమ్ అన్‌డిఫైన్డ్ మాడ్యూల్’ అని ఆగిపోతుంది. పెద్ద జె (‘-J’ ఆప్షన్) ఇస్తే ఫైల్లోని మాడ్యూళ్లన్నిటికీ దాన్ని రాస్తుంది. చిన్న జెకు (‘-j’) మాడ్యూలు పేరు కూడా ఇవ్వాలి. ఇక ఛందస్సు: ‘చేయ / ఎగుమతులకు’ విసంధి (సంధి చేయకుండా వదలడం). చేయన్ ద్రుతాంతం కనుక ‘నెగుమతులకు’ అనండి. యతి అచ్చుకే కాబట్టి చెడదు.

రెండో పూరణ

లింకు చేసి చూడ లేదను రన్‌టైము
యూజె సన్న మాట యుంచకున్న
లోననుండ కోడు, లోకము వెదకును
ఇంటనున్న వాని నెరుగ దిల్లు

— సమస్యకు ఇంతకన్నా దగ్గరి పూరణ కష్టమండీ! మాడ్యూలు ఆబ్జెక్టు ఎగ్జిక్యూటబుల్ లోపలే ఉంది, కానీ దాన్ని మొదలుపెట్టమని ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంపోర్టు బయట ఎస్‌ఓ ఫైలు (నడిచేటప్పుడు లోడయ్యే లైబ్రరీ) కోసం వెదికి ‘కెనాట్ లోడ్ ఎక్స్‌టెన్షన్’ అంటుంది.

ముందు లెక్కను ‘-సి’, పెద్ద ‘-జె’, ‘-యూనిట్ లెక్క’తో కంపైల్ చేయాలి. తర్వాత మెయిన్‌కు (ముఖ్య ప్రోగ్రాం ఫైలుకు) అలా వచ్చిన ‘.ఓ’ ఆబ్జెక్టు ఫైలునూ ‘-యూజెస్ లెక్క’నూ కలిపి ఇవ్వాలి. యూనిట్ పేరూ మాడ్యూలు పేరూ ఒకటే ఉంచండి. ‘యూజెస్’ను డిక్లేర్‌గా ఫైల్లోనే రాస్తే ఇంపోర్టు కన్నా పైన రాయండి.

— ఒక మెలిక. పాత ఎస్‌ఓ ఫైలు ఆ డైరెక్టరీలో మిగిలి ఉంటే తప్పు కనబడదు, ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. ఎగ్జిక్యూటబుల్‌ను ఖాళీ డైరెక్టరీకి కాపీ చేసి నడిపితేనే బయటపడుతుంది.

మూడో పూరణ

పాత పట్టి చూసి లేదని చెప్పును
కొత్త పేరు మూలకోడు నున్న
మెయిను ముందు కట్ట మేలేమి కలుగును?
ఇంటనున్న వాని నెరుగ దిల్లు

— మొదటి పాదంలో గణాలు సరే, యతి పోయింది: పా–లే పొసగవు. ‘పాత పట్టి చూసి పనికిరాదని చెప్పు’ అంటే కుదురుతుంది.

— భావంలోనూ చిన్న సవరణ. పాత ఇంపోర్టు ఫైలుంటే (పద్యంలోని ‘పాత పట్టి’ అదే) కంపైలర్ ఆగదు. ‘పాసిబ్లీ అన్‌బౌండ్’ అని హెచ్చరించి ఊరుకుంటుంది; నడిపినప్పుడే ‘అన్‌బౌండ్ వేరియబుల్’. మేక్‌ఫైల్లో (ఏది దేని తర్వాత కట్టాలో రాసే ఫైలు) మెయిన్ ఆబ్జెక్టు లెక్క ఇంపోర్టు ఫైలు మీద ఆధారపడినట్టు రాస్తే వరుస తప్పదు.