బుల్లి ఇంజన్‌కి కూత: స్కేలు విజిలా, దాచిన గొట్టమా?

పాకాల_మీటర్‌గేజ్:
5 అంగుళాల గేజ్‌లో (పట్టాల మధ్య దూరం) వైపీ అనే మీటర్‌గేజ్ ఆవిరి ఇంజన్ మోడల్ చేస్తున్నాను. విజిల్‌ని కూడా కొలత ప్రకారం ఎనిమిదో వంతుకి తగ్గించి ఇత్తడితో చేశాను. కీచుమంటోంది. ఫుట్‌బోర్డు కింద పొడుగు గొట్టం దాచమని ఒకరన్నారు. అలా చేస్తే మోడల్‌కి న్యాయం చేసినట్టేనా?

చిత్తూరు_లేత్:
తప్పకుండా చేసినట్టే అన్నా. ఇత్తడిని తగ్గించినట్టు ధ్వనిని తగ్గించలేం. ఒక కొస మూసిన గొట్టంలో పుట్టే తరంగం దాని పొడవుకి సుమారు నాలుగు రెట్లుంటుంది. పొడవు ఎనిమిదో వంతైతే పౌనఃపున్యం 8 రెట్లు, అంటే సరిగ్గా మూడు స్థాయిలు (ఆక్టేవ్‌లు) పైకి. అసలుది 400 హెర్ట్జ్‌లో కూసిందనుకుంటే మీది 3,200 దగ్గర ఉంటుంది. కాట్పాడి లైన్లో మీటర్‌గేజ్ బండి కూత విన్నవాళ్ళెవరూ దాన్ని రైలు కూత అనరు. పైన విజిల్ చూడ్డానికి ఉండనివ్వండి.

తిరుచానూరు_మోడల్స్:
నేను ఒప్పుకోను. కూత వేయగానే విజిల్ దగ్గర తెల్లగా ఆవిరి లేవాలి, అప్పుడే అది ఇంజన్. పైగా కింద పడుకోబెట్టిన గొట్టం చల్లగా ఉంటుంది. మొదట వచ్చిన ఆవిరంతా నీళ్ళై గుడగుడమంటుంది.

చిత్తూరు_లేత్:
నీళ్ళ సంగతి నిజమే. మూసిన కొసని కొంచెం పైకెత్తి, నోరు (కూత పుట్టే తెరపు) కిందికి తిప్పితే నీరు దానంతటదే కారిపోతుంది. అసలు కష్టం ఆవిరి వచ్చే సందు దగ్గరుంది. అది వెడల్పైతే చిన్న బాయిలర్ ప్రెషర్ ఒక్క కూతకే పడిపోతుంది. సందు సన్నగా, చుట్టూ ఒకే మందంలో ఉండాలి. ఆవిరి పొర సూటిగా ఎదుటి అంచుకి తగలాలి. ప్రెషర్‌కి తగ్గ ఎత్తు (సందు నుంచి అంచుకి దూరం) నోటికి లేకపోతే గొట్టం మూల స్వరం పలకదు, మూడు రెట్ల స్వరానికి ఎగిరిపోతుంది. అలా ఎగిరితే అంచుని ఇంకాస్త దూరం జరపండి, లేదా ఆవిరి తగ్గించండి.

రేణిగుంట_ఫిట్టర్:
ఇంత టెన్షన్ ఎందుకు? కంప్రెసర్ గాలితో శ్రుతి చూసి టంకం పెట్టేస్తే సరి.

చిత్తూరు_లేత్:
దయచేసి అలా చేయకండి. ధ్వని వేగం మామూలు గాలిలో సెకనుకు 343 మీటర్లు, 100 డిగ్రీల ఆవిరిలో 470 పైనే. గొట్టంలో కొంత గాలి కలుస్తుంది కాబట్టి అంత తేడా రాకపోవచ్చు గానీ, స్వరం పైకి పోవడం ఖాయం. 400 హెర్ట్జ్‌కి గాలిలో సుమారు 21 సెంటీమీటర్లు చాలు, ఆవిరికి ఇంకా పొడవు కావాలి. మూసే కొసలో జరిగే బిరడా పెట్టి, గొట్టం బాగా వేడెక్కాక, ఇంజన్ నడిచే ప్రెషర్ మీదే మోగిస్తూ జరపండి.

పాకాల_మీటర్‌గేజ్:
సరే, 30 సెంటీమీటర్ల గొట్టంతో మొదలుపెడతా. పై విజిల్‌కి కూడా సన్నని ఆవిరి పాయ ఇస్తా, తిరుచానూరు అన్న అడిగిన తెల్లటి ఆవిరీ ఉంటుంది.

తిరుచానూరు_మోడల్స్:
ఆవిరి ఒక చోట, కూత ఇంకో చోటా? నేనైతే ఇప్పటికీ ఒప్పుకోను.